మా అత్త వాసన చూసిన ప్లాస్టిక్ గడ్డి

మొన్న ధర్మవరంలో బండి పంక్చరైంది. స్టేషన్ దారిలో ఒక షాపు ముందు ఆపాను. అతను ట్యూబు గీకి, సొల్యూషన్ మూత తీయగానే వాసన గుప్పుమంది. నాకు తెలియకుండానే రెండడుగులు వెనక్కి వేసి, గాలి ఎటు వీస్తోందో చూశాను.

"ఏమన్నా, ఈ వాసన పడదా నీకు?" అన్నాడతను.

పడకపోవడమేమీ లేదు. ఏదైనా ఘాటు వాసన తగిలితే గాలి ఎవరి వైపు పోతోందో చూడడం మా అత్త వల్ల వచ్చిన అలవాటు. ఆమె పోయి ఏడాది కావస్తోంది. ఆమె గురించి రాయమని ఇంట్లోవాళ్లు ఎన్నోసార్లు అడిగారు. రాయాలంటే నేను చేసిన ఒక పని గురించి కూడా రాయాలి. అందుకే ఇన్నాళ్లూ వాయిదా వేశాను.

ఆమె మా నాయనకు అక్క. హిందూపురం నుంచి పెనుకొండకు పోయే దారిలో ఊరు దాటాక ఆమెకు మల్బరీ తోట ఉండేది. తోటలో పొడుగాటి షెడ్డు, దానికి ఆనుకొని ఒక గది, వంటిల్లు. ఆమె పట్టుపురుగులు పెంచేది. ఏడాదికి ఐదారు పంటలు. గుడ్లు పగిలిన రోజు నుంచి గూళ్లు కట్టే రోజు దాకా నెల రోజులు తోట గేటు దాటేది కాదు.

షెడ్డులోకి ఎవరు పోవాలన్నా ముందు ఆమె ముక్కును దాటాలి. గుమ్మం ముందు నిలబెట్టి, భుజం దగ్గరకు వంగి, ఒక్కసారి గాలి పీల్చేది. తరువాత తీర్పు చెప్పేది. "వాసన సబ్బు పూసుకున్యావు." "బస్సులో నీ పక్కన ఎవురో బీడీ తాగినారు. పో, తొట్టి కాడ మొగం కాళ్లు కడుక్కోని రా." ఒకసారి పట్టు పరిశ్రమ ఆఫీసు నుంచి ఒక సారు మంచి సెంటు కొట్టుకొని వచ్చాడు. ఆమె ఆయనకు బయటే కుర్చీ వేసింది. పాపం ఆ సారు సలహాలన్నీ కిటికీ దోమతెరలోంచే చెప్పి పోయాడు. ఆయన పోయాక, "మంచోడే, అయితే రోంత కంపు" అంది.

పట్టుపురుగుకు వాసన పడదు. పొగాకు, ఫినాయిలు, దోమల చుట్ట, పెయింటు, ఏదైనా సరే. మేత మానేస్తుంది, తల పైకెత్తి అట్లాగే ఉండిపోతుంది, ఎక్కువైతే చస్తుంది. అందుకని మా అత్త మల్లెపూలు పెట్టుకునేది కాదు. కనకాంబరాలు పెట్టుకునేది, వాటికి వాసన ఉండదు గనుక. పంట మీద ఉన్నన్నాళ్లూ ఇంట్లో తిరగవాత బంద్. మామ నెలంతా చప్పిడి పప్పు తిని, గూళ్లు కట్టిన మరునాడు హిందూపురం హోటల్లో కూర్చొని వరుసగా రెండు మసాలా దోసెలు తినేవాడు. బీడీ తాగాలంటే రోడ్డు దాటి అవతలికి పోవాలి. ఆ నడక భరించలేక చివరికి బీడీలే మానేశాడు.

పురుగులను ఆమె ఏనాడూ పురుగులు అనలేదు. వాళ్లు అనేది. "వాళ్లింకా తినలా." "వాళ్లకు ఆకు తడిగా ఉంటే పడదు." పెరిగే క్రమంలో అవి నాలుగుసార్లు మేత మాని, కదలకుండా పడుకొని, పొర విడుస్తాయి. దాన్ని మావైపు జ్వరం అంటారు. వాటికి జ్వరం ఉన్నన్ని గంటలూ ఆమె గొంతు తగ్గించి మాట్లాడేది. ఎవరైనా గట్టిగా మాట్లాడితే, "జ్వరంలో ఉండారు, నిదానం" అనేది. చచ్చిన పురుగును ఏరి పడేస్తూ కూడా చచ్చింది అనదు. పండుకున్యాడు అనేది.

ఇవన్నీ చిన్నప్పుడు నాకు భలే సరదాగా ఉండేవి. తొంభైల చివర్లో మా నాయన పోయినప్పటి నుంచి వీటిలో ఒక్కటి కూడా నాకు సరదా అనిపించలేదు.

అప్పుడు మేము పెనుకొండలో ఉన్నాం. నాయనకు గుండెనొప్పి, తెల్లవారుజామున పోయాడు. హిందూపురానికి కబురు పంపాం. అక్క వస్తుంది, తమ్ముణ్ణి చూసుకుంటుంది అని ఎత్తకుండా ఆపాం. పది అయింది, పన్నెండు అయింది. బంధువులు నా మొహం చూస్తున్నారు. మధ్యాహ్నం బస్సుకు మామ ఒక్కడే దిగాడు. పురుగులు గూడు కట్టడానికి పండినాయట, ఆ రోజే ఏరి గూళ్లకు ఎక్కించాలట. ఆయన చెప్పలేక చెప్పాడు. ఇక ఆపలేక ఎత్తేశాం.

ఆమె మూడో రోజు వచ్చింది. వాకిట్లో నిలబడి, "కడసారి చూసుకోలేకపోతిని" అంది. అంతే, ఇంకే సంజాయిషీ చెప్పలేదు. నాకు ఇరవై రెండేళ్లు. ఒళ్లంతా మంటగా ఉంది. "పురుగులు బాగుండాయా అత్తా?" అన్నాను.

ఆమె నా వైపు చూసి, మామూలుగా జవాబిచ్చింది. "బాగుండాయి నాయనా."

నేను ఆమెను క్షమించలేకపోయింది ఆ జవాబుకే. ఏడ్చినా, తిట్టినా మరిచిపోయేవాణ్ణేమో. రాకపోకలు తెగలేదు గానీ, ఆ తరువాత పదేళ్ల పాటు నేను ఆ షెడ్డు గుమ్మం తొక్కలేదు.

రెండువేల ఏడు, ఎనిమిది ప్రాంతంలో నేను ఇల్లు కట్టాను. మా నాయన భాగానికి వచ్చిన స్థలం అత్త తోట పక్కనే ఉంది. వేరే చోట కొనే స్తోమత లేదు. ఇల్లు పడమర, ఆమె షెడ్డు తూర్పు, మధ్యలో నాలుగు వరసల మల్బరీ. పెయింట్లు వేసే పని వచ్చినప్పుడు ఆమెకు పంట లేదు గనుక గొడవ రాలేదు. ఇంటి ముందర ఖాళీ దగ్గరే కథ మొదలైంది.

మా ఆవిడది ధర్మవరం. మగ్గాల వీధిలో, జానెడు వాకిలి లేని ఇంట్లో పెరిగింది. తన ఇంటి ముందు పచ్చగా ఉండాలని ఆమెకు పెళ్లినాటి నుంచి కోరిక. గడ్డి వేద్దామని నేను అత్తను అడిగాను, బోరు ఇద్దరికీ ఒకటే కాబట్టి.

"పసరం తినదు, వాళ్లు తినరు. అట్లాంటి గడ్డికి నీళ్లు యాడ తెస్తావురా? ఆ బోరు తోటకే సాలకుండా ఉండాది" అంది.

అందులో అబద్ధం లేదు. అప్పుడు మా ఆవిడ బెంగళూరులో ఎవరింటి ముందో చూసిన ప్లాస్టిక్ గడ్డి గుర్తు చేసింది. నీళ్లు అక్కర్లేదు, కోయనక్కర్లేదు. నేను బెంగళూరు పోయి, ఒక దుకాణంలో నాలుగు రకాల ముక్కలు అడిగి తెచ్చాను. ఒక్కొక్కటి అరచేయంత. మా ఆవిడ వాటిని మెట్ల మీద పరిచి, చెప్పులు విడిచి ఒక్కోదాని మీద కాలు పెట్టి చూసింది. మూడోది ఆమెకు నచ్చింది. ఒత్తుగా, మెత్తగా, వరిమడి రంగులో ఉంది.

అత్త మల్బరీ దాటుకొని వచ్చింది. నాలుగు ముక్కలూ వరుసగా ముక్కుకు ఆనించుకుంది.

"ఇది కిరసనాయిలు. ఇది కొత్త చెప్పులు. ఇదేమో పురుగుమందులంగడి." నాలుగో దాని దగ్గర కాసేపు ఆగింది. "దీంట్లో ఏమీ తెలీడం లేదు. అయినా నా ముక్కు ముసలిదైపోయిండాది. వాళ్లనే అడుగుదాము."

ఆమె వేళాకోళం ఆడుతోందనుకున్నాను. కాదు. ఆ పంట చివర్లో వెనకబడి మిగిలిన పురుగులను పదేసి లెక్కన నాలుగు చిన్న బుట్టల్లో వేసింది. ఒక్కో బుట్ట అడుగున ఒక్కో ముక్క పెట్టి, పైన లేత ఆకు పరిచి, షెడ్డుకు దూరంగా తన గదిలో పెట్టింది. మరునాడు పొద్దున మమ్మల్నిద్దర్నీ పిలిచింది. మొదటి బుట్టలో పురుగులు అంచుల మీదికి పాకి కూర్చున్నాయి, ఆకు ముట్టలేదు. రెండోదాంట్లో సగం తిన్నాయి. మా ఆవిడకు నచ్చిన మూడోదాంట్లో పదీ తల పైకెత్తి బిగుసుకొని ఉన్నాయి. నాలుగో బుట్టలో ఆకుల ఈనెలు తప్ప ఏమీ మిగల్లేదు.

"ఇదే" అంది అత్త.

నాలుగోది పొట్టిది, గరుకుది. మధ్యమధ్యలో పసుపు పోగులు, ఎండకు మాడిన గడ్డి రంగు. మా ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "మా ఇంటి ముందు ఏముండాలో పురుగులు చెప్తాయా?" అని నన్ను అడిగింది, అత్తను కాదు. దారిలో, ఇంట్లో, అన్నం దగ్గర అదే మాట. ఆమె బాధ న్యాయమే. నేను అటూ ఇటూ నలిగి, చివరికి నాలుగోదానికే చెప్పాను. చెప్పినందుకు అత్త మీద కోపం ఇంకాస్త పెరిగింది.

ఇక్కడ మేమందరం ఒక పొరపాటు చేశాం. గడ్డిని వాసన చూశాం, పురుగులకు పరీక్ష పెట్టాం, రంగు గురించి ఏడ్చాం, అలిగాం. దాన్ని నేలకు ఎట్లా అంటిస్తారో ఎవరమూ అడగలేదు. చాప పరిచినట్టు పరుస్తారు కాబోలు అనుకున్నాం.

గృహప్రవేశానికి ఇంకా మూడు రోజులుందనగా గడ్డి వచ్చింది. అప్పటికి అత్తకు కొత్త పంట. నాలుగో జ్వరం లేచి ఐదో రోజు, అంటే పురుగులు వేలంత లావై తెగ తినే రోజులు. నష్టమంటూ వస్తే అప్పుడే పెద్దది. గడ్డి వేసే మేస్త్రి చుట్టలు దింపి, వెనకాలే ఒక డబ్బా దింపాడు. మూత తీశాడు. ఆ వాసనకు నా కళ్లు మండాయి.

"సార్, ఈ గమ్ము వాసన రెండు దినాలుంటుంది. పక్కన ఎవురికైనా ఇబ్బందా?" అని మర్యాదగానే అడిగాడు.

"గమ్ము లేకుండా కాదా?"

"చుట్టూ పట్టీ వేసి మేకులు కొట్టొచ్చు సార్. పట్టీ బెంగళూరు నుంచి రావల్ల. ఐదారు దినాలు."

నేను షెడ్డు వైపు చూశాను. పడమటి గాలి వీస్తోంది. కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. గడ్డి లేకుండా గృహప్రవేశం చేసుకుంటే మునిగిపోయేదేమీ లేదు. అది నాకు తెలుసు. ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది పురుగులు కాదు, మధ్యాహ్నం దాకా ఎత్తకుండా ఆపిన మా నాయన.

"కానీ" అన్నాను.

సగం వాకిలి పూత అయింది, ఒక చుట్ట పరిచారు. అత్త పరుగెత్తి రాలేదు. మామూలు నడకతోనే వచ్చింది, చేతులకు ఆకు పసరు. నేరుగా డబ్బా దగ్గరకు పోయి, మూత పెట్టి, అరచేత్తో గట్టిగా నొక్కింది.

"తీసి ఎంతసేపైంది?" అని మేస్త్రిని అడిగింది.

"అర్ధగంటమ్మా."

నా వైపు తిరిగింది. "ఇంత వాసనుంటాదని నీకు తెలుసా?"

అబద్ధం చెప్పవచ్చు. నోరు రాలేదు. "తెలుసు" అన్నాను.

ఆమె షెడ్డు వైపు చూసి తనలో తాను లెక్క వేసుకుంటున్నట్టు అంది. "కిటికీలు మూస్తే ఉక్కకు పోతారు. తెరిస్తే దీనికి పోతారు. కొట్టంలోకి మార్చల్ల. మామను పిలువు, నువ్వూ రా."

రోడ్డు పక్కన, మా ఇంటికి కూడా పడమరగా, ఆమె పాత పసరాల కొట్టం పశువులు లేక ఖాళీగా ఉంది. గాలికి ఎదురు కాబట్టి అక్కడికి వాసన రాదు. నేను షెడ్డులోకి పోబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది. "ఆ డబ్బా పక్కన నిలబడినావు. బట్టలిడిచి తొట్లో మునుగు." మునిగాను. మామ పంచె కట్టుకొని వచ్చాను. భుజం దగ్గర వాసన చూసి, "ఇంగొకసారి" అంది. మళ్లీ మునిగాను. "ఇంగొకసారి." మూడోసారి పక్కకు జరిగి దారి ఇచ్చింది. మా ఆవిడ ఎవరూ చెప్పకుండానే తలనూనె పోయేదాకా తల రుద్దుకొని, తడి జుట్టు ముడి వేసుకొని వచ్చి నిలబడింది.

పదేళ్ల తరువాత ఆ షెడ్డులో అడుగు పెట్టాను. వేల పురుగులు, ఒక్కటీ తినడం లేదు. తలలు పైకెత్తి ఉన్నాయి. కొన్ని ఆకుపచ్చటి నీళ్లు కక్కుతున్నాయి. మా అత్త తట్ట తట్టకూ పోయి చూస్తోంది. ఏడవలేదు, నన్ను తిట్టలేదు. ఒక తట్ట దగ్గర మాత్రం వంగి, "తినండ్రా" అంది.

తట్టలు ఒంచకుండా, కుదపకుండా, మల్బరీ సాళ్ల మధ్య చుట్టు తిరిగి మోశాం. పెద్ద తట్టలు, ఒక్కోదానికి ఇద్దరు. వెనక్కి వచ్చిన ప్రతిసారీ మా వాకిట్లో ఏం జరుగుతోందో చూశాను. ఎవరూ చెప్పకముందే ఆ మేస్త్రి పరిచిన చుట్ట పీకి, డబ్బా, చుట్టలు అన్నీ బండిలో వేసుకొని దూరంగా పోయి ఆగాడు. పొద్దు వాలేసరికి మోత అయిపోయింది. కొత్త ఆకు వేసి, నలుగురం నేల మీద కూర్చున్నాం. తింటాయా తినవా అన్నది ఇక వాటి చేతుల్లో ఉంది.

చాలాసేపటికి ఒక మూల తట్టలో ఆకు కొరికే సన్నటి చప్పుడు మొదలైంది. తరువాత ఇంకోదాంట్లో. కొన్ని తట్టల్లో అసలు మొదలే కాలేదు. మామ లేచి, వాటిని ఒక్కొక్కటే వేరు చేసి గోడ పక్కన పెట్టాడు. దాదాపు సగం.

"అత్తా, తప్పయింది" అన్నాను.

"అయింది" అంది.

నా మొహం చూడకుండా, తట్టల వైపే చూస్తూ అంది. "మీ నాయన పోయిన పొద్దు నేను రాకపోయింది గూడా తప్పే. ఆ పొద్దు ఏడుస్తా ఏరినా. కన్నీళ్లు పడితే వాళ్లకు పడదు, తడి తగలగూడదు. కొంగుతో తుడుసుకుంటా, ఏరుకుంటా ఉంటి. ఎవురికి చెప్పుకుందు?" పక్క తట్టలో ఆకు సర్దింది. "అయితే ఒకటి. ఆ తప్పూ ఈ తప్పూ సరిపోయినాయని నువ్వు అనుకోవద్దు. నేనూ అనుకోను. నాది నాకు ఉంటాది, నీది నీకు ఉంటాది."

నాకు అప్పుడు ఏడుపు వచ్చింది. ఆమె నన్ను ఓదార్చలేదు. లేచి పోయి ఆకు తెచ్చింది.

గృహప్రవేశం రోజు ముహూర్తం పొద్దున తొమ్మిదిన్నరకు. మాలో ఇంటి ఆడపడుచు ముందు నీళ్ల బిందె పట్టుకొని గడప దాటాలి, ఆ వెనకే ఇంటివాళ్లు. మాకు అక్కచెల్లెళ్లు లేరు కాబట్టి అది అత్త చేయాల్సిన పని. వస్తానని ముందురోజు మాట ఇచ్చింది. తెల్లారి ఏడింటికి పిలవడానికి కొట్టం దగ్గరకు పోయాను. తలస్నానం చేసి, కొత్త చీర కట్టుకొని ఉంది. కొంగు నడుముకు దోపి, పురుగులు ఏరుతోంది. మిగిలిన సగం అప్పుడే పండాయి. ఒళ్లు పసుపుపచ్చగా మెరుస్తూ, గూడు కట్టడానికి చోటు వెతుక్కుంటూ పాకుతున్నాయి. ఆ పూటే వాటిని ఏరి, వెదురుతో అల్లిన చంద్రికల మీద వేయాలి. ఆలస్యమైతే పట్టు దారం అక్కడక్కడే వదిలి వృథా చేస్తాయి.

"వస్తాండా, పద" అంది చేతులు దులుపుకుంటూ. మామకు మోకాళ్ల నొప్పులు, ఆయన ఒక్కడి వల్ల కాదు.

"నువ్వు రావద్దత్తా" అన్నాను.

ఆమె నన్ను తేరిపారజూసింది. "మీ వాళ్లు ఊరికే ఉంటారా?"

"నేను చెప్పుకుంటా."

వాకిట్లో బంధువులు నిండిపోయారు. గడ్డి లేదు, సగం వాకిట్లో సిమెంటు మీద గీకిన గమ్ము చారలు. మా చిన్నాయన అటూ ఇటూ చూసి అందరికీ వినపడేటట్టు అడిగాడు. ఆయన కూడా అత్తకు తమ్ముడే, నాయన చావుకు ఆమె రాలేదని అప్పటి నుంచి ఆమెతో మాట మానేసిన మనిషి.

"బిందె పట్టుకునేది ఎవురు? మీ అత్త యాడబ్బా? పక్కనే ఉండి రాదా? తమ్ముడు పోతే రాలా, ఇప్పుడు తమ్ముని కొడుకు ఇంటికి గూడా రాలా."

పంతులు గడియారం చూసుకుంటున్నాడు. మా ఆవిడ నా వైపు చూసింది.

"రావద్దని నేనే చెప్పినా చిన్నాయనా" అన్నాను. "ఈ వాకిలి కోసం నేను చేసిన పనికి ఆమె పంట సగం పోయింది. తెలిసే చేసినా. మిగిలింది ఏరుకుంటాంది."

చిన్నాయన కొట్టం వైపు తిరిగి చూశాడు. చివరికి నీళ్ల బిందె మా ఆవిడే ఎత్తుకుంది. ఆడపడుచు లేకుండానే గడప దాటాం.

భోజనాలు మొదలయ్యాక నేను స్నానం చేసి కొట్టానికి పోయాను. ఎదురెదురుగా కూర్చొని ఏరాం. మధ్యాహ్నం దాటాక గుమ్మం దగ్గర ఎవరో నిలబడ్డట్టు నీడ పడింది. చిన్నాయన. లోపలికి రాలేదు. పన్నీరు చల్లిన చొక్కా తనకే గుర్తొచ్చినట్టుంది, గుమ్మానికి దూరంగా జరిగాడు.

"అక్కా, పోయొస్తా" అన్నాడు.

ఆమె చేతులు ఆగాయి. తల ఎత్తి ఆయన్ని చూసింది.

"అన్నం తిన్యావా?" అంది.

"తిన్యా."

"అయితే పోయిరా నాయనా."

ఆయన పోయాక కూడా కాసేపు గుమ్మం వైపే చూసింది. తరువాత కొంగు తీసి రెండు కళ్లూ శుభ్రంగా తుడుచుకొని, చేతులు పొడిగా ఉన్నాయో లేదో చూసుకొని, మళ్లీ ఏరడం మొదలుపెట్టింది. ఇంకా మూడు తట్టలు మిగిలి ఉన్నాయి.